బాతుకు జబ్బు చేస్తే



వరికోతలు ముగిశాక ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్లేవారికి కయ్యల్లో బాతుల మందలు కనిపిస్తాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకు తింటూ వందల కొద్దీ సాగిపోతుంటాయి. మందలో ఒకటి కుంటితే కాపరి ఆగలేడు. మిగిలినవాటి మేత పోతుంది. అతణ్ణి నేను తప్పుపట్టను. పెరట్లో నాలుగు బాతులు పెంచుకునే మనకు మాత్రం ఆ సాకు లేదు.

"బాతుకు మందేంది, కోసుకు తినక!" అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కాని దాన్ని నీటికి దూరంగా గోడల మధ్యకు తెచ్చింది మనమే. తల ముంచుకునేంత నీరు కూడా లేక దాని కళ్లు పుసులు కడితే అది మన పెంపకం తెచ్చిన జబ్బు. కోడిపిల్లల దాణాతో పెరిగిన బాతుపిల్ల కాళ్లు వంకరపోతే, దానికి చాలినంత నియాసిన్ అనే విటమిన్ అందకపోవడం తరచు కారణం. బూజుపట్టిన వేరుశనగ చెక్కలోని విషానికి కోడికంటే బాతు త్వరగా లొంగిపోతుంది. గట్టి నేలమీద తిరిగి అరికాలు పుండైతే మెత్తటి గడ్డి పరచి విడిగా ఉంచాలి, పశువైద్యునికి చూపాలి. ఇది దయ అనను, బాకీ అంటాను.

ఇంతవరకు చిక్కు లేదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు చచ్చాయి. అది బర్డ్ ఫ్లూ అని తేలింది. ఆ వైరస్ ఒంట్లో ఉన్నా బాతు చాలాసార్లు హుషారుగానే తిరుగుతుంది, రెట్టలతో నీటిలోకి వదులుతుంది. మనుషులకు సోకడం అరుదే గాని, సోకితే ప్రాణం మీదికి రావచ్చు. అటువంటి వేళ అధికారులు వచ్చి అడిగితే, ఆరోగ్యంగా కనిపించే బాతును గంప కింద దాచిపెట్టడం ప్రేమేనా?

ఆ బాతు ఏ నేరమూ చేయలేదు. పేరు పెట్టి పిలుచుకున్న పిల్లవాడి ఏడుపూ అబద్ధం కాదు. "పక్షే గదా" అని వాణ్ణి కసరడం నాకు నచ్చదు. అయినా దాచకూడదనే అంటాను. పక్కింటి అవ్వకు ఆ పది కోళ్లే ఆధారం. అవీ ప్రాణులే.

ఇక, చచ్చిన బాతును కాలువలో విసిరే అలవాటొకటి ఉంది. దిగువన అదే నీటిలో ఇంకొకరి మంద దిగుతుంది. ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒకేసారి రెండు మూడు చస్తే మాత్రం పూడ్చకముందే పశువైద్యశాలకు కబురు చేయండి. జబ్బేమిటో తేల్చడానికి వారికి ఆ కళేబరమే కావాలి.