గంట ఎవరిది?

గంట అనే మాటకి తెలుగులో రెండర్థాలు. మోగేది ఒకటి, గడిచేది ఒకటి. ఈ రెండూ మా ఇంట్లో ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. ఆ సంగతి రాయాలని ఏడాదిగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. అందులో నేనేమంత మంచిగా కనపడను మరి.

మాది మైపాడు దారిలో ఒక పల్లె. ఇంట్లోంచి సముద్రం కనపడదు గాని రాత్రిళ్లు వినపడుతుంది. మా తాతకి మూడు జతల ఎద్దులుండేవి. మన నెల్లూరు పేరుతోనే బ్రెజిల్‌లో 'నెలోర్' అనే పశుజాతి లక్షలకి లక్షలుగా పెరిగిందని చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎద్దులు సముద్రం దాటి వెళ్లాయి. ఇక్కడ పొలాల్లోకి ట్రాక్టర్లొచ్చాయి, వాటి వెనక రొయ్యల గుంటలొచ్చాయి. మాకు మిగిలింది ఎద్దుల మెడపట్టీలకి కట్టిన ఇత్తడి గంటలు ఆరు. అటక మీద గోనెసంచిలో దొరికితే అమ్మ చింతపండేసి తోమింది. వరసగా పేర్చి చూస్తే శ్రుతి అంటూ ఏమీ లేదు గాని, సన్న గొంతు నుంచి బొంగురు గొంతు దాకా దిగుతున్నాయి. నాకు కావలసింది అదే.

నేను కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గ్రూప్ థియరీ చెప్పేటప్పుడు ఇంగ్లండు చర్చి గంటల గురించి చదివాను. వాళ్లు వాటితో పాట వాయించరు. 1, 2, 3, 4, 5, 6 అని సన్నదాన్నుంచి బొంగురుదాకా కొడతారు. తర్వాత వరస 2, 1, 4, 3, 6, 5. ఆ తర్వాత 2, 4, 1, 6, 3, 5. వరసకీ వరసకీ మధ్య ఏ గంటైనా ఒక్క చోటే జరగాలి, లేదా ఉన్నచోట ఉండాలి. వచ్చిన వరస మళ్లీ రాకూడదు. గోపురంలో క్వింటాళ్ల బరువున్న గంట నిండు చక్రానికి బిగించి ఉంటుంది. అది చుట్టు తిరిగితేగాని మళ్లీ మోగదు. దాన్ని కాస్త ఆపగలం, కాస్త తొందర పెట్టగలం, అంతకు మించి కుదరదు. ఒక్క చోటే జరగాలన్న నియమం ఆ బరువులోంచి పుట్టింది.

నాలుగు గంటలకి 24 వరసలు, అయిదింటికి 120, ఆరింటికి 720, ఏడింటికి 5040. ఆ 5040 మనకి కొత్త కాదు. 13వ శతాబ్దంలో శారంగదేవుడు 'సంగీత రత్నాకరం'లో ఏడు స్వరాలని తిరగేసి మరగేసి అన్నే లెక్క తేల్చాడు. ఎనిమిదింటికి 40,320. అన్నిటినీ 1963లో ఇంగ్లండులోని లఫ్‌బరోలో ఎనిమిదిమంది ఒక్క బిగిన కొట్టారు. ఎనిమిది గంటల మీద దాదాపు పద్ధెనిమిది గంటలు! అంతసేపు ఎవరూ ఆగకుండా కొట్టగలిగారంటే ఇళ్లలో వాళ్లకి అన్నం వండినవాళ్లెవరా అని నాకు అనుమానం.

ఇది మగవాళ్ల గోపురమే. 1896లో ఆలిస్ వైట్ అనే ఆమె మొదటిసారి ఒక పూర్తి 'పీల్' కొట్టింది. 1912లో ఆడవాళ్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1637లో పుట్టిందని చెప్పుకునే లండన్ కాలేజ్ యూత్స్ సంఘం మాత్రం 1998 దాకా ఆడవాళ్లని చేర్చుకోలేదు. ఊళ్లో చావుకి కొట్టే గంటలోనూ లెక్క ఉండేది. చాలాచోట్ల మగవాడు పోతే మూడు మూళ్లు తొమ్మిది దెబ్బలు, ఆడది పోతే మూడు రెళ్లు ఆరు. డొరతీ సేయర్స్ 1934 నాటి నవల 'ది నైన్ టైలర్స్'కి ఆ పేరు ఈ తొమ్మిది దెబ్బల నుంచే వచ్చింది. మనకి దూరం అనుకోనక్కర్లేదు. మా ఇంట్లో పూజ గంట నాన్న పోయేదాకా అమ్మ చేత్తో మోగలేదు. మోగినప్పుడు హారతి పళ్లెం పట్టుకుని పరిగెత్తడమే ఆమె వంతు.

గోపురం లేకపోయినా చేతిగంటలతో ఇదంతా ఇంట్లో కూచుని చేయొచ్చు. మనిషికి రెండు. ఆరు గంటలకి ముగ్గురు కావాలి. అమ్మా నేనూ ఇద్దరం. మూడో మనిషిగా మా ఇంట్లో పనిచేసే ఆమెని కూచోబెట్టాను. పేరు రాయనా అంటే "నా పేరెందుకులే అక్కా" అంది, అందుకని రాయడం లేదు. యానాది మనిషి. మొగుడు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. చదువు లేదు. నాలుగు రోజుల్లో నా కాలేజీ పిల్లల కంటే బాగా పట్టుకుంది. నేను నోట్‌బుక్కులో గీతలు గీసుకుంటే ఆమె చెవితో పట్టింది. "ఎవురి తర్వాత మోగాలో చూసుకుంటే చాలుగదక్కా, ఇంగ లెక్కెందుకు" అంది. గొప్ప గొప్ప వాయించేవాళ్లు చెప్పేదీ అదేనట.

ఆమెకి 1, 2 ఇచ్చాను. తేలిక అని. ఆ దయలో ఉన్న చులకన నాకప్పుడు తెలియలేదు. తీరా చూస్తే ఆ మొదటి గంటే అందరికీ దారి చూపిస్తుంది. అది ముందుకొచ్చినప్పుడే మిగిలినవాళ్లం మా అడుగు మార్చుకోవాలి.

ఇందులో నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. అందరూ నియమం ప్రకారం బుద్ధిగా జరుగుతూ పోతే పన్నెండో అడుగుకి మళ్లీ 1, 2, 3, 4, 5, 6 దగ్గరికే వచ్చి పడతాం. 720లో పన్నెండే! కొత్త వరస కావాలంటే సమయం చూసి ఎవరో ఒకరు జరగకుండా నిలబడాలి. మొదటి గంట ముందుకొచ్చినప్పుడల్లా రెండో చోట ఉన్నది కదలకపోతే అరవై దాకా పోతాం. ఇంకా కావాలంటే ఒకరు 'బాబ్' అని కేకేయాలి. కేకేసేది నేనే. "నువ్వరిస్తేనే మేం మారాల్నా, అక్కా?" అని ఒకరోజు నవ్వుతూ అడిగింది. నవ్వుతూనే, కానీ అడిగింది.

అప్పటికి నేను కాలేజీ స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకుంటున్నాను. ఏ గంటకీ శాశ్వతమైన చోటు లేదు, అందరూ అన్ని చోట్లకీ వస్తారు, ఇంతకంటే సమానత్వం ఏముంది అని. అదే మాట ఆమె ముందూ అన్నాను. "చోటు మారటం మాకు కొత్తేంగాదక్కా. మాయమ్మ వాళ్లది శ్రీహరికోట" అంది. రాకెట్ల కోసం ఆ దీవిని 1969లో ఎంచుకున్నారు. అక్కడి యానాదులు చోటు మారారు. వాళ్లని అడిగి మార్చలేదు, తిరుగు వరసలో మళ్లీ వెనక్కి రానీ లేదు. రాకెట్టు పైకి లేచిన ప్రతిసారీ డాబా ఎక్కి చప్పట్లు కొట్టినదాన్ని నేను. నా సమానత్వం ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

చెప్పాల్సిన అసలు సంగతి గంట రెండో అర్థంలో ఉంది. ఆమె నాలుగిళ్లలో పనిచేస్తుంది. మా ఇంట్లో అరగంట గంటలు కొడితే ఆ అరగంట ఎక్కడ నుంచి వస్తుంది? మొదట్లో అంట్లు ముగించాక కూచునేది. అంటే పై ఇంటికి ఆలస్యం, అక్కడ మాటలు పడటం. అది నాకు తెలిసింది ఆమె చెప్పి కాదు, వాళ్లింటావిడ నాకు ఫోన్ చేసి "మీ ఇంట్లో ఏందో భజనంట గదా" అని దెప్పితే. డబ్బిస్తానన్నాను. "ఆటకి డబ్బులేందక్కా?" అని మొహం మాడ్చుకుంది. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. ఆ హాయినే నేనిప్పుడు అనుమానిస్తున్నాను. డబ్బిస్తే ఆమె నా సరదాకి కూలి మనిషి. ఇవ్వకపోతే నా సరదాకి ఆమె కాలం ఉచితం. స్నేహం అన్న మాటతో వెట్టిని కప్పడం ఈ జిల్లాలో భూములున్న ఇళ్లకి బాగా తెలిసిన విద్య. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. అయినా ఏ ఒప్పందంలో ఉంటుంది, కలిసి ఆడుకున్న అరగంట ఎవరి ఖాతా అనేది?

అమ్మ తేల్చింది. 78 ఏళ్ల మనిషి లేచి, "అంట్లు నువ్వు తోముకో, ఆమె కూచునే టయానికి పని ఉండగూడదు" అంది. ఇప్పుడు సాయంత్రం అంట్లు నావి, జీతం తగ్గదు. ఇది న్యాయమని చెప్పను. అరగంట మేర అప్పు తీరుతోంది, అంతే. కప్పులు అందరం ఒకే రకంవి వాడుతున్నాం. ఆమె ఇంకా నేల మీదే కూచుంటుంది. కుర్చీ వేస్తే "గంట కింద పెట్టేదానికి కుదర్దు" అంటుంది. అది నిజమా, నన్ను ఇబ్బంది పెట్టకుండా అంటున్న మాటా? అడగలేదు. 'బాబ్' కేక ఇప్పుడు వంతులవారీగా ముగ్గురం వేస్తాం. ఆమె వేసిన రోజున నేను తప్పుతాను.

పోయిన నెల 1, 2 గంటలు ఇంటికి పట్టుకెళ్తానంది. కూతురికి నేర్పాలట. తాత గంటలు గదా అని ఒక్క క్షణం ఆగాను. ముప్పై ఏళ్లు గోనెసంచిలో పడేసినప్పుడు తాత గుర్తు రాలేదు. ఆమె ఆ క్షణాన్ని చూసింది, చూడనట్టు కొంగు సర్దుకుంది. పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాను.

అవి అక్కడే ఉన్నాయి. వచ్చేటప్పుడు సంచిలో వేసుకొస్తుంది. కూతురు 'ఒకటి' బాగా పట్టుకుందట, 'రెండు' దగ్గర తొందరపడుతుందట. ఆమె రాని రోజున మా ఇంట్లో నాలుగు గంటలే. అమ్మా నేనూ కూచుని ఇరవై నాలుగు వరసలు కొడతాం. అయిపోయాక అమ్మ గుమ్మం వైపు చూస్తుంది.