సగం డబ్బా బ్రేకు ఆయిలు



ఇతరుల ప్రాణంతో ముడిపడిన పనిని మన ఇంటి ముంగిట మనమే చేసుకోవచ్చునా? చేసుకున్న యెడల దానికి కొలత ఏది? ఈ ప్రశ్న మాకు బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కారు ప్రక్కన ఎదురైంది.

మా వీధిలోని ఒక యువకుడు రెండు సీట్ల పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. ఒక శనివారం ఉదయం వచ్చి, "మాస్టారూ, బ్రేకు ఆయిలు మారుస్తున్నాను. పెడలు నొక్కడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు. వెళ్లి కూర్చున్నాం.

మనం ఆయిలు అంటాం గాని అది నూనె కాదు. సాధారణంగా వాడేది గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి దిగుతుంది. వేగంగా పోయే బండిని మాటిమాటికి ఆపితే బ్రేకులు కాగుతాయి, లోపలి నీరు ఆవిరవుతుంది. ద్రవం అణగదు గనుక కాలి ఒత్తిడిని చక్రానికి చేరుస్తుంది. ఆవిరి అణగిపోతుంది గనుక పెడలు నేలను తాకినా బండి ఆగదు. పాస్కల్ సూత్రాన్ని ఏళ్ల తరబడి నల్లబల్ల మీద చెప్పాం. కాలి కింద చూడడం ఆనాడే.

అతడు చక్రం దగ్గర గొట్టం తగిలించి "నొక్కండి" అనేవాడు. మేము నొక్కి పట్టేవాళ్లం. అతడు నిపుల్ వదులు చేస్తే నల్లబడిన ద్రవం సీసాలోకి కారేది. మళ్లీ బిగించి "వదలండి" అన్న తరువాతే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి లోపలికి పోతుంది.

నాలుగో చక్రం వద్ద కొత్త డబ్బా అయిపోయింది. అలమరలో నిరుడు తెరిచిన సగం డబ్బా ఉంది. "అది పోసెయ్యి బాబూ, పారేయడం ఎందుకు?" అన్నాం మేము.

"దానికి తేమ పట్టి ఉంటుంది మాస్టారూ. రేపు నా బండి ముందు ఎవరుంటారో నాకు తెలియదు కదా" అని, అతడు నడిచి వెళ్లి కొత్తది తెచ్చాడు.

మాకు సిగ్గు వేసింది. పొదుపు మంచి గుణమే. పాత చొక్కా మరొక ఏడాది తొడుక్కుంటే ఇబ్బంది మనది. బ్రేకులో చేసిన పొదుపుకు మూల్యం చెల్లించేది సిల్క్ బోర్డు కూడలిలో రోడ్డు దాటే మనిషి. అతడిని మనం అడగలేదు, అతడు ఒప్పుకోనూ లేదు. అది పొదుపు కాదు, పరుల సొత్తు తీసుకోవడమే.

అలాగైతే మెకానిక్కుకు అప్పగించడమే ధర్మమా? అక్కడా ఏ డబ్బా పోశారో మనం చూడం. చోటు కొలత కాదు. తన హద్దు తెలియడమే కొలత. "పెడలు మెత్తగా ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగాం. "బండి కదపను, మెకానిక్కును ఇక్కడికే పిలుస్తాను" అన్నాడు. నాకు చేతకాదని ఒప్పుకోవడం కూడా పనిలో భాగమే.

ఉపాధ్యాయుడు సిద్ధపడకుండా తరగతికి వెళ్తే నష్టం పిల్లలది. వంటవాడు నిన్నటి కూర వడ్డిస్తే నష్టం తినేవారిది. ఎవరూ చూడని సగం డబ్బా మనలో ప్రతివాని అలమరలోనూ ఉంటుంది. దానిని పోసే ముందు, మూల్యం ఎవరు చెల్లిస్తారో ఒక్కసారి ఆలోచించుకుందాం.