ఏడో రోజు ఎవరికోసం?

వాక్య పఠనం: ఆదికాండము 1:14–19, 1:26 – 2:3, ద్వితీయోపదేశకాండము 5:12–15

విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగువాళ్ళ పిల్లలు, మనవలు ఇవాళ రైల్వేలోనూ, రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా, సిల్తారా కార్ఖానాల్లోనూ పనిచేస్తున్నారు. ఊరుకాని ఊళ్ళో చెమటోడ్చే మనకంటే చాలా ముందు, ఇంతకంటే కష్టమైన పరాయి బతుకు బతికినవాళ్ళు ఆదికాండము మొదటి అధ్యాయాన్ని గుండెకు హత్తుకున్నారు. వాళ్ళు బబులోను చెరలోని యూదులు.

క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది, దేవాలయం కాలిపోయింది. చెరపట్టబడినవాళ్ళ సంగతి బైబిలే కాదు, బబులోను మట్టిపలకలూ చెబుతాయి. బందీ అయిన రాజు యెహోయాకీనుకు, అతని కొడుకులకు కొలిచి ఇచ్చిన నూనె లెక్క ఒక పలక మీద ఉంది. క్రీ.పూ. 572 నాటికే అక్కడ యూదా పేరుతో ఒక పల్లె ఉండేదని మరో పలక చూపిస్తుంది. అక్కడివాళ్ళు కట్టిన పన్నులు, అప్పులు, యవలు, ఖర్జూరాల లెక్కలు అలాంటి పలకల మీద ఇంకా చదవగలుగుతున్నాం.

ఆ దేశానికి తనదైన సృష్టి కథ ఉంది. ఏటా కొత్త సంవత్సరం పండుగలో మర్దూకు దేవుడి ముందు పూజారి దాన్ని వినిపించేవాడు. దేవతలకు చాకిరీ తప్పాలి కాబట్టి, ఓడిపోయిన కింగు అనే దేవుడి నెత్తురుతో మనుషుల్ని చేశారట. దేవతలు విశ్రాంతి తీసుకోవాలి, మనుషులు పనిచేయాలి. సూర్యుడూ చంద్రుడూ దేవుళ్ళే. దేవుని స్వరూపం అన్న మాట మాత్రం రాజుగారికే చెల్లు.

ఈ గాలి పీలుస్తూ బతికిన యూదుల మధ్య ఆదికాండము ఇంకో మాట చెప్పింది. మోషే నాటి నుంచి తరతరాలుగా వచ్చిందని మన పెద్దలు చెబుతారు. ఇప్పుడున్న రూపం చెరకాలంలో వచ్చిందని చాలామంది పండితులు అంటారు. ఏదైనా, విన్నవాళ్ళకు ఊపిరి పోసింది. బబులోను మొక్కే సూర్యచంద్రులు ఇందులో పేరు లేని రెండు జ్యోతులు, వెలుగివ్వడానికి దేవుడు పెట్టిన పనివాళ్ళు. దేవుని స్వరూపం రాజుకే కాదు, స్త్రీకీ పురుషుడికీ, పొలంలో వంగి యవలు కోసే బందీకీ ఉంది. అన్నిటికంటే గొప్ప సంగతి: మనిషి పుట్టింది ఆరో రోజు. అంటే వాడికి దొరికిన మొదటి పూర్తి రోజు పనిదినం కాదు, విశ్రాంతి దినం. ఏమీ సంపాదించకముందే దేవుడు వాడిని తన విశ్రాంతిలోకి తీసుకున్నాడు.

ఆ ఆరు రోజులు ఇరవైనాలుగు గంటలవా, యుగాలా అని మనం వాదించుకుంటాం. వాళ్ళను కలచివేసిన ప్రశ్నలు వేరు: మా దేవుడు ఓడిపోయినవాడా? మా బతుకు చాకిరీకేనా? రెంటికీ జవాబు ఒక్కటే, కాదు.

డ్యూటీ చార్టులో ఆదివారం పడి ఆరాధనకు రాలేనివాడు ఈ జవాబు మళ్ళీ వినాలి. కొలిమి దగ్గర షిఫ్టులో ఉన్నంత మాత్రాన దేవుని దృష్టిలో నీ విలువ తగ్గదు.

సెలవు దొరికినవాళ్ళకు ఈ వాక్యం ఇంకో మాట కూడా చెబుతుంది. ద్వితీయోపదేశకాండములో విశ్రాంతి ఆజ్ఞ యజమాని దగ్గర ఆగదు. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఊళ్ళో ఉన్న పరదేశికి కూడా అది చెందుతుంది. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులే, మరవకండి అని కారణం కూడా చెబుతుంది. ఆదివారం ఉదయం మనం ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఆరాధనకు బయల్దేరే వేళకు వంటింట్లో బాయి గిన్నెలు తోముతూ ఉంటుంది. ఆమె ఏడో రోజు ఎప్పుడు? రాని రోజుకు జీతం కోసేస్తే, అది సెలవు అవుతుందా? ఠేకేదారు కింద రోజుకూలికి వచ్చేవాడికి పని లేని రోజంటే పస్తు రోజే. మనమే మనుషుల్ని పనిలో పెట్టే స్థానంలో ఉంటే, వాళ్ళ విశ్రాంతి లెక్క దేవుడు మననే అడుగుతాడు.

ఈ రోజు చేయదగినది: మీ ఇంట్లోనో, దుకాణంలోనో మీకు పనిచేసేవాళ్ళకు వారానికి ఒక రోజు, జీతం కోయకుండా, సెలవు ఖాయం చేయండి. ఏ రోజు కావాలో వాళ్ళనే అడగండి.

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, మేము పని చూపించకముందే మమ్మల్ని నీ విశ్రాంతిలోకి పిలిచావు, నీకు స్తోత్రం. పరాయి ఊళ్ళో కష్టపడే నీ బిడ్డల్ని బలపరచు. మా చేతికింద ఉన్నవాళ్ళలో నీ స్వరూపం చూసే కళ్ళు మాకివ్వు. వాళ్ళ హక్కును మేము తినేయకుండా మమ్మల్ని కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.