శుభలేఖ మీది చేతిరాత

మీ ఇంట్లో పాత శుభలేఖ ఉంటే ఓసారి తీసి చూడండి. కాస్త ఒంపుగా, కాస్త అల్లరిగా ఉన్న ఆ అక్షరాలు బాపుగారి చేతిరాత నుంచి పుట్టినవే కావచ్చు.

నరసాపురం ఆయన ఊరు. లా చదివారు. నల్లకోటు కన్నా కుంచే నచ్చింది. బొమ్మలు, కార్టూన్లు, పుస్తకాల అట్టలు, ఆపైన సినిమాలు. గీస్తూనే ఉన్నారు. మాట మాత్రం తక్కువ. ఆ పని స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణది. చెన్నైలో రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు. ఏళ్ల తరబడి! సినిమాల కన్నా నాకు ఇదే గొప్ప.

రమణగారు ముందు వెళ్లారు. మూడేళ్లు దాటాక, 2014లో, బాపుగారు. అప్పటిదాకా గీస్తూనే ఉన్నారు.

ఈసారి పెళ్లి పిలుపు వస్తే, పేర్ల కన్నా ముందు ఆ అక్షరాలను చూడండి.