ఎవరి పుస్తకం?

“ఏదైనా మంచి పుస్తకం చెప్పండి” అని ఎవరైనా అడిగితే నా గుండెల్లో రాయి పడుతుంది. నవలలు రాస్తానన్న మాటే గానీ, ఒకరికి పుస్తకం చెప్పడం పెళ్ళిసంబంధం చెప్పడం లాంటిది. కుదిరితే మన పేరెవరికీ గుర్తుండదు. బెడిసిందా, జన్మంతా మననే అంటారు.

మందస అనగానే అందరికీ కోవా గుర్తొస్తుంది. నాకు మాత్రం మా లైబ్రేరియన్ గారు గుర్తొస్తారు.

1992లో నేను అయిదో తరగతి. ఆ ఏడే మా బాబాయి పోయేడు. పిన్ని పెరట్లో జీడిచెట్టు కింద కూచుని ఎటో చూస్తూ ఉండేది. పరామర్శకొచ్చినవాళ్ళు తలా ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళేరు. ఒకరు గీత, ఒకరు గరుడపురాణం. (ఆ రెండోది ఇచ్చినావిడ ఏం తోచి ఇచ్చిందో నాకిప్పటికీ తెలీదు!)

ఒక సాయంత్రం పిన్ని, “ఏదో ఒకటి తేవే, రాత్రి గడవాలి” అంది.

లైబ్రేరియన్ గారు ఏ పుస్తకం కావాలని అడగలేదు. “పిన్ని రాత్రుళ్ళు నిద్రపోతోందా?” అని అడిగేరు. లేదన్నాను. రిజిస్టరులో ఆవిడ పేరున్న పాత పేజీలు తిరగేసి, లోపలికెళ్ళి, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ తెచ్చి నా చేతిలో పెట్టేరు.

ఆ రాత్రి పిన్ని గదిలోంచి నవ్వు వినిపించింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి బయల్దేరిన ఆ అమాయకుడు దారి తప్పి మా ఇంట్లోకొచ్చి పడ్డాడన్నమాట. మామ్మకి ఒళ్ళు మండిపోయింది.

“మొగుడు పోయి మూణ్ణెల్లు కానేదు, నవ్వులేటి? నలుగురూ వింటే ఏటనుకుంటారు?”

తెల్లారగానే పుస్తకం పట్టుకుని, నన్ను వెంటేసుకుని వెళ్ళి ఆయన్ని దులిపేసింది. ఆయన అంతా విని, “ఏడవడానికి ఆవిడకి నా పుస్తకం అక్కర్లేదు గదమ్మా” అన్నారు.

ఆయన చేసింది ఒప్పేనా? ఒకవేళ ఆ నవ్వే పిన్నికి ముల్లులా గుచ్చుకుని ఉంటే? ఒక మనిషి దుఃఖంలో వేలు పెట్టే హక్కు ఆయనకెవరిచ్చేరు? మామ్మ వైపు న్యాయం లేకపోలేదు. పోయినవాడు ఆవిడ కొడుకు.

పదేళ్ళ కిందట నేనూ ఒక పుస్తకం ఇచ్చేను, భర్తని పోగొట్టుకున్న స్నేహితురాలికి. గొప్ప నవల, నన్ను ఏడిపించిన నవల. నెల తిరిగేసరికి వెనక్కొచ్చింది. పన్నెండో పేజీలో గుర్తుకి పెట్టుకున్న బస్సు టిక్కెట్టు అక్కడే ఉంది. “చాలా బావుందే” అంది పాపం. నేనిచ్చింది నా పుస్తకం. ఆమె నిద్రపోతోందో లేదో నేనడగలేదు.

ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెబుతూ పుస్తకం వేసేరు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలన్నది అందులో రెండోది. ‘మంచి’ అన్న మాట లేదు చూసేరా? ‘తన’ అనే ఉంది. ఆ ‘తన’ ఏదో పోల్చుకోవాలంటే పుస్తకాలు తెలిస్తే చాలదు, రిజిస్టరులో పేరు వెనకాల మనిషి ఎలా ఉందో తెలియాలి. పొరపాటు పోతామేమోనన్న భయం కూడా ఉండాలనుకుంటాను. పార్వతీశాన్ని నా చేతికిచ్చిన రాత్రి తనకీ నిద్ర పట్టలేదని చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నాతో చెప్పేరు.

పుస్తకం మాత్రం మామ్మ చేతిలోనే ఇంటికి తిరిగొచ్చింది. ఆ రాత్రి మళ్ళీ నవ్వు. మామ్మ మంచం మీంచి లేచింది. పిన్నిని తిడుతుందేమోనని నేను దుప్పట్లో బిగుసుకుపోయేను. మామ్మ వెళ్ళి వీధితలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టి, వచ్చి పడుకుంది.