మనదీ, మన దగ్గర ఉన్నదీ

ఇల్లు సర్దడం ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. పుట్టింటి నుంచి అత్తవారింటికి వచ్చిన నాడే మొదటి సర్దుడు అయిపోతుంది. ఆ తర్వాత బదిలీలు, అద్దె ఇళ్ళు, పిల్లల హాస్టళ్ళు. ప్రతిసారీ అటక మీదివి దించడం, మళ్ళీ ఎక్కించడం. అయినా ఒక ఇంటి సామాను సముద్రం దాటాలంటే ఎంత తతంగం ఉందో 2024 మే నెలలో ఏటూరునాగారం వెళ్ళి మా మేనత్త ఇల్లు సర్దినప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. సామాను సంగతి అలా ఉంచండి. అక్కడ నాకొక చిక్కు ప్రశ్న ఎదురైంది. దాని గురించే మీతో నాలుగు మాటలు.

మా అత్తమ్మ ఆ ఊళ్ళోనే పంతులమ్మగా చేసి రిటైరైంది. మామయ్య లేరు. ఒక్కగానొక్క కొడుకు, మా బావ, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు. "ఒక్కదానివే ఎన్నాళ్ళుంటవమ్మా, వచ్చెయ్" అని ఏళ్ళ తరబడి పోరి, చివరికి ఒప్పించాడు. సామాను పంపే కంపెనీ అబ్బాయి వచ్చి కాగితాలు ఇచ్చిపోయాడు. మొదటి గడిలో చిరునామా రాయాలి. అత్తమ్మ నవ్వింది.

"ఏ జిల్లా అని రాద్దాం బిడ్డా?"

నిజమే మరి. వరంగల్ జిల్లాలో కట్టిన ఇల్లు 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్ళింది. ఒక్క గిన్నె కూడా సర్దకుండా మూడు జిల్లాలు తిరిగిన ఇల్లది!

కదలని ఇంటికి అంత సులువు గాని, కదిలే సామానుకు కాదు. ఓడ మీద వెళ్ళే ఇరవై అడుగుల ఇనుప పెట్టెలో రమారమి 33 ఘనపు మీటర్ల సామాను పడుతుంది. ఒంటరి మనిషికి అంత అక్కర్లేదు కనుక, నలుగురి సామానుతో కలిపి పంపుతారు. అక్కడ బరువు కంటే చోటుకే లెక్క. ఖాళీ బిందెకూ కిరాయే. అందుకని బిందెల్లో చీరలు కుక్కాం, గుండిగలో దుప్పట్లు కుక్కాం. పెట్టెకో నంబరు, దానిలో ఏమున్నదీ, ఎంత విలువ చేస్తుందీ రాసుకుంటూ పోవాలి. మామయ్య చదువుకున్న కళ్ళజోడుకు విలువ ఎంత వెయ్యాలో తెలియక ఇద్దరం పది నిమిషాలు మౌనంగా కూర్చున్నాం.

పైగా ఆస్ట్రేలియా వాళ్ళకు శుభ్రం మహా పట్టింపు. చెప్పుల అడుగున మన్ను ఉండకూడదు. చేట అల్లికలో వడ్లగింజ ఇరుక్కుని ఉండకూడదు. పురుగు తొలిచిన చెక్క పనికిరాదు. ప్యాకింగుకు వాడే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడి ఎక్కేలా అరగంట సేపు కాచి ముద్ర వెయ్యాలట. చెక్కకు కూడా జ్వరం తెప్పించి పంపుతారన్న మాట!

మన దేశం మాత్రం తక్కువ తిన్నదా? 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురావస్తువులను ఎవరికి వారు దేశం దాటించకూడదు. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళే హద్దు. అత్తమ్మ మామగారి తాళపత్రాల కట్ట ఒకటి దేవుడి గదిలో ఉండేది. ఎందుకొచ్చిన గొడవని దాన్ని మా ఇంటికి పంపడానికి పక్కన పెట్టాం. చూశారా, తరతరాలుగా మనింట్లోనే ఉన్నా, వెంట తీసుకుపోయే హక్కు మనకు లేకపోవచ్చు.

ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. పాత ఇంటి సామానుకు అక్కడ పన్ను పడకుండా ఉండాలంటే, బయలుదేరడానికి ముందు కనీసం పన్నెండు నెలలు అది మన సొంతమై ఉండాలి, మనం వాడుతూ ఉండాలి. ఆ సంగతి రాసి సంతకం చెయ్యాలి. నేను చకచకా చిట్టా రాస్తున్నాను. వంటింటి మూల ఉన్న పెద్ద ఇత్తడి గంగాళం దగ్గరికి వచ్చాను.

"అది రాయకు" అంది అత్తమ్మ.

"ఎందుకత్తమ్మా? పండుగ పండుగకూ దాంట్లోనే కదా నీళ్ళు కాచేది?"

"అది నాది కాదు బిడ్డా."

1986 ఆగస్టు వరద ఆ వైపు వాళ్ళెవరూ మరచిపోలేదు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మళ్ళీ అంత నీరు ఇప్పటికీ రాలేదు. ఆ రాత్రి లోతట్టు గూడెం నుంచి ఒక కోయ ఆవిడ చంకలో పిల్లతో, నెత్తిన గంగాళంతో అత్తమ్మ ఇంటికి వచ్చిందట. గంగాళం నిండా బట్టలు, ఇంత జొన్నపిండి. నాలుగు రోజులుండి, ఇల్లు కూలిపోయిందని తెలిసి, పడవ దొరకగానే ఏరు దాటి వాజేడు వైపు పుట్టింటికి పోయింది. "మళ్ళ వచ్చి తీస్కపోత టీచరమ్మా, నీ దగ్గర ఉండనీ" అని గంగాళం అప్పజెప్పి పోయింది. మళ్ళీ రాలేదు.

మొదటి ఏడాది అత్తమ్మ వాకబు చేసింది. రెండో ఏడు ఎవరి పెళ్ళికో నీళ్ళు కాచడానికి వాడింది. అడుగు చిల్లిపడితే మాటు వేయించింది. అంచు మీద ఆ ఆవిడ పేరు చెక్కించి ఉంది. దాన్ని ఎప్పుడూ గోడవైపు తిప్పి పెట్టేదట. ఆ మాట చెప్పి అత్తమ్మ తల దించుకుంది.

నేను ఊరుకోలేదు. నాకు వాదించడం వృత్తి కదా! "38 ఏళ్ళు తోమింది నువ్వు, బాగు చేయించింది నువ్వు. నీ దగ్గర లేకపోతే ఏ పాత ఇత్తడి వ్యాపారికో పోయేది. ఇన్నాళ్ళూ కాపాడిన మనిషిది కాక ఇంకెవరిది?" అన్నాను.

"కాపాడినందుకు నాదైతే, బడిలో పిల్లలంతా నా పిల్లలే కావాలె" అంది అత్తమ్మ.

నాకు జవాబు దొరకలేదు గాని, ఒక అనుమానం మిగిలింది. ఇన్నేళ్ళూ గుర్తు రానిది ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? ఇచ్చేసేది వాళ్ళ మేలుకా, మన మనశ్శాంతికా? ఆ మాటే అడిగేశాను.

"నా కోసమే" అంది అత్తమ్మ, దాచకుండా. "ఏరు అడ్డమున్నదని కొన్నాళ్ళు అనుకున్న. ముల్లకట్ట వంతెన పడ్డంక ఆ మాట కూడ లేకపాయె. అయినా పోలే. గిప్పుడు సంతకం పెట్టుమంటున్నరు గద!"

అత్తమ్మ దగ్గర చదువుకున్న ఒక ఆటో అబ్బాయి వాజేడు వైపు తిరుగుతుంటాడు. వాడికి కబురు చెబితే మూడు రోజుల్లో మనిషిని పట్టుకొచ్చాడు. ఆనాడు చంకలో వచ్చిన పిల్ల! ఇప్పుడామెకు నలభై ఏళ్ళుంటాయి. తల్లి పోయి చాలా కాలమైందట. గంగాళం చూసి, "మాకెందుకు టీచరమ్మా, ఇంట్ల ప్లాస్టిక్ డ్రమ్ములున్నయి. నువ్వే తీస్కపో" అంది.

నేను లోలోపల గెలిచాననుకున్నాను. అత్తమ్మ మాత్రం గంగాళాన్ని మెల్లగా ఇటు తిప్పింది. ఆమె వంగి అంచు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తల్లి పేరు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

"మా అమ్మ అప్పుడప్పుడు అంటుండె" అందామె. "టీచరమ్మ దగ్గర గంగాళమున్నది, ఏడికి పోతది అని."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టి ఉంటే తట్టుకునేదేమో. ఏటికి ఆవల ఒక మనిషి చనిపోయేదాకా తనను నమ్ముకుని ఉందన్న మాట తట్టుకోలేకపోయింది. ఆ నమ్మకం వమ్ము కాలేదని మీరనవచ్చు, వస్తువు భద్రంగానే ఉంది కదా! కాని గోడవైపు తిరిగిన ఆ పేరు సంగతి అత్తమ్మకు తెలుసు.

ఆమె గంగాళాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంతకూ నాకు తోచిందేమిటంటే, దొంగతనం చేసేవాళ్ళు లోకంలో కొద్దిమందే. మనలాంటి వాళ్ళం మరచిపోతాం. రోజూ వాడుతూ వాడుతూ, మన దగ్గర ఉన్నదాన్ని మనదిగా చేసుకుంటాం. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క మాట, "తీసుకోనా?" అని అడగడం. అడిగితే ఆమె నిజంగానే ఇచ్చేసి ఉండేది, ఇవ్వబోయింది కూడా. అడగని 38 ఏళ్ళు మాత్రం ఎంత తోమినా ఆ గంగాళాన్ని అత్తమ్మది చెయ్యలేకపోయాయి. ఊరు విడిచిపోయే రోజున ఎవరో కాగితం ముందు పెట్టి అడిగితే గాని మనం ఈ లెక్క చూసుకోము. కదలకుండా ఉన్న ఇంట్లో ఎవరు అడుగుతారు గనుక?

మొత్తం పధ్నాలుగు పెట్టెలు తేలాయి. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని, నింపాదిగా సంతకం చేసింది.

హనుమకొండ తిరిగి వచ్చిన రోజు సాయంత్రం స్టూలు వేసుకుని మా అటక ఎక్కాను. ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసిపోయిన పక్కింటావిడ టిఫిన్ క్యారియర్, ఇతరుల పేర్లు రాసి ఉన్న మూడు నవలలు, ఎవరిదో గుర్తులేని ఊలు శాలువా దొరికాయి. అన్నీ దించి హాల్లో బల్ల మీద పెట్టాను. "ఎక్కడికి ప్రయాణం?" అన్నారు మావారు.

ఎక్కడికీ లేదన్నాను. పక్కింటావిడ ఫోన్ నంబరు కోసం వెతకడం మొదలుపెట్టాను.