చెమట పట్టిన నలుడు

ఎన్నడూ కంటితో చూడని మనిషిని ప్రేమించడం సాధ్యమేనా, సాధ్యమైతే ఆ ప్రేమ నిజంగా ఎవరి మీద అన్న ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. గొంతును, అక్షరాన్ని, ఫొటోను మాత్రమే ఆధారం చేసుకొని ఏళ్ళ తరబడి అల్లుకున్న అనురాగం ఒకనాడు ఇద్దరు మనుషులై ఎదురెదురుగా నిలబడినప్పుడు కలిగే తడబాటును మన దార్శనికులు, ఆలంకారికులు, పురాణకర్తలు తమ తమ పరిభాషల్లో ఏనాడో పరిశీలించారు. "ఈ మనిషేనా?" అని ఆ క్షణాన మనసులో మెదిలే సంశయం ప్రేమలోని లోపమా, జ్ఞానంలోని లోపమా, లేక అసలు లోపమే కాదా అన్నది ఇక్కడి విచారం.

అలంకారశాస్త్రం ఈ అనురాగానికి పెట్టిన పేరు పూర్వరాగం. సమాగమానికి ముందే పుట్టే ప్రేమ అని దాని అర్థం. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీనికి శ్రవణం, దర్శనం అని రెండు మూలాలు చెప్పాడు. దూత నోటనో, చెలికత్తె నోటనో, స్తుతిపాఠకుడైన వంది నోటనో వినడం శ్రవణం. ఇక దర్శనమంటే సాక్షాత్తుగా చూడడమే కానక్కరలేదు, చిత్తరువులో చూసినా, కలలో చూసినా, ఇంద్రజాలంలో చూసినా అది దర్శనమే. ఈ జాబితాలోని దూత, చిత్తరువు, ఇంద్రజాలం మూడూ ఇప్పుడు ఒక్క చేతిఫోనులో ఇమిడిపోయాయి. వంది మాత్రం మారాడు. ఈ కాలంలో ఎవరి స్తుతి వారే రాసుకుంటున్నారు.

ఈ కాలపు పూర్వరాగానికి ఉదాహరణగా ఒక ఊరిని తీసుకుందాం. కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయ పేరు చెప్పగానే చాలామంది తెలుగువారికి 2009 సెప్టెంబరులో అక్కడ ఖననమైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి గుర్తుకు వస్తుంది. మరి కొందరికి 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం, జనం నోట ట్రిపుల్ ఐటీ, గుర్తుకు వస్తుంది. పదో తరగతి మార్కులను బట్టి పల్లెల పిల్లలను చేర్చుకొని, ఆరేళ్ళు అక్కడే ఉంచి ఇంజనీరింగు పట్టా ఇచ్చి పంపే చోటు అది. పట్టా చేతికి వచ్చాక బెంగళూరుకో, హైదరాబాదుకో, సముద్రాల ఆవలికో చెదిరిపోయే ఆ యువతకు దూరాన ఉన్న మనిషితో మాటల బంధం వింతేమీ కాదు. నిజానికి ఈ సీమకే అది కొత్త కాదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పోయినవారి ఇళ్ళలో గొంతే మనిషిగా గడిచిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి; మొదట ఉత్తరం, తరువాత గొంతు నింపి పంపిన క్యాసెట్, ఇప్పుడు వీడియో కాల్. అయితే కువైట్ ఇల్లాలి విరహం ఒకప్పుడు కలిసి బతికిన మనిషి కోసం. ధనంజయుడు దశరూపకంలో దానిని విప్రయోగమని, ఇంకా కలవనే కలవని వారి స్థితిని అయోగమని విడదీసి చెప్పాడు. విప్రయోగంలో ఊరట జ్ఞాపకం. అయోగంలో జ్ఞాపకం లేదు కాబట్టి ఆ ఖాళీని ఊహ ఆక్రమిస్తుంది.

ఊహ ఎంత ఆక్రమించిందో తెలిసేది బస్టాండులోనే. వేంపల్లెలో పల్లెవెలుగు బస్సు దిగిన వ్యక్తి నుదుట చెమట, కిటికీ పక్కన కూర్చున్నందుకు జుట్టు నిండా దుమ్ము. ఎత్తు అనుకున్నదానికంటే రెండంగుళాలు తక్కువ. ఫోనులో ఒక్కనాడూ వినపడని పొడి దగ్గు. గొంతు మాత్రం అచ్చంగా అదే. ఇన్నాళ్ళూ చెవిలోనే ఉన్న ఆ గొంతు ఈ దేహంలో నుంచి వస్తున్నదన్న సంగతికి మనసు అలవాటు పడడానికి కొంత సేపు పడుతుంది. ఎదుటి పక్షానికీ అదే గతి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మాని, బస్సు మీది బోర్డు చదువుతారు.

ఇటువంటి చోట పెద్దలు వాడే సామెత "దూరపు కొండలు నునుపు". ఇడుపులపాయను చుట్టుకున్న కొండలను వేంపల్లె వైపు నుంచి చూస్తే ఈ సామెత వీటిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. అల్లంత దూరాన నున్నగా, నీలంగా కనబడే గుట్ట దగ్గరికి పోతే రాళ్ళు, ముళ్ళకంపలు. అయితే ఆ నునుపు అబద్ధమా? మీమాంసకులలో ప్రభాకరుని అనుయాయులు కాదంటారు. వారి అఖ్యాతివాదం ప్రకారం తప్పుడు జ్ఞానమంటూ ఒకటి లేనే లేదు. రెండు సరైన జ్ఞానాల మధ్య తేడాను గుర్తించకపోవడమే భ్రాంతి. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకున్నవాడికి "ఇది" అన్నది కంటి ఎదుట ఉన్నదే, "వెండి" అన్నది ఒకప్పుడు చూసిన దాని స్మృతే. ఆ రెండూ వేరని పట్టుకోలేకపోవడం ఒక్కటే అతని పొరపాటు. దూరప్రేమకు ఈ సిద్ధాంతం చక్కగా అతుకుతుంది. విన్న గొంతు నిజం, పంచుకున్న కష్టసుఖాలు నిజం. వాటి సందుల్లో నింపుకున్న ఎత్తు, నడక, నవ్వు సొంత స్మృతుల నుంచి తెచ్చి అతికించినవి. బస్టాండులో కూలేది ఆ అతుకు. దాన్ని చూసి మొత్తం కట్టడమే కూలిందనుకోవడం మరో భ్రాంతి.

పురాణాల్లో విని ప్రేమించిన నాయికలకు కొదవ లేదు. భాగవతం దశమస్కంధంలో రుక్మిణి, తండ్రి ఇంటికి వచ్చినవారు కృష్ణుని గుణాలను చెప్పగా విని మనసిచ్చి, బ్రాహ్మణుని చేత సందేశం పంపి, గౌరీపూజ ముగించుకొని గుడి బయటికి వచ్చినప్పుడు అతని రథమెక్కింది. దానిని తెనిగించిన పోతన ఓరుగల్లువాడా, కడప పక్కనున్న ఒంటిమిట్టవాడా అన్న తగవు ఎలా తేలినా, తెలుగువారికి తొలి కలయిక అంటే ఆ రథమే మెదులుతుంది. కానీ రుక్మిణి కథలో ప్రశ్నే లేదు. వచ్చినవాడు దేవుడు, విన్న దానికంటే ఎక్కువగానే ఉంటాడు. మనుషుల తొలి కలయికకు పాఠం చెప్పగలిగింది దమయంతి.

మహాభారతం అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకు చెప్పిన కథ అది. హంస మాటలతో నలుని వరించిన దమయంతికి అతడు మొదటిసారి ఎదురుపడినదే విపరీత స్థితిలో. ఇంద్ర, అగ్ని, వరుణ, యములలో ఒకరిని పెళ్ళాడమని వారి తరఫున రాయబారిగా వచ్చాడు. ఆ తరువాత స్వయంవరంలో నలుగురు దేవతలూ నలుని రూపమే ధరించి కూర్చోగా ఆమె ఎదుట ఐదుగురు నలులు. శ్రీహర్షుని కావ్యాన్ని శృంగారనైషధంగా తెలుగు చేసిన శ్రీనాథుడు ఈ ఘట్టంలో సరస్వతి చేత చెప్పించిన శ్లేషలు, అంటే ఒకే మాటకు రెండర్థాలు పలికే పద్యాలు, పండితులకు విందు. భారతంలోని మూలకథ అంత అలంకారానికి పోదు. దేవతలకు రెప్పపాటు ఉండదు, చెమట పట్టదు, మెడలోని మాల వాడదు, ఒంటికి దుమ్ము అంటదు, పాదాలు నేలను తాకవు. దమయంతి వేడుకోగా వారు తమ ఆ గుర్తులను చూపించారు. మిగిలిన ఒక్కనికి నీడ ఉంది, మాల వాడింది, ఒళ్ళంతా దుమ్మూ చెమటా, పాదాలు నేల మీద ఉన్నాయి, రెప్పలు కొడుతున్నాడు. ఆమె మాల వేసింది అతనికే.

ఈ ఘట్టాన్ని దేవతల దయగా చదవడం వాడుక. దానిని జ్ఞానమీమాంసగా, అంటే మనిషి దేనిని ఎలా తెలుసుకుంటాడన్న విచారంగా, చదవడమే ఎక్కువ సమంజసం. నలుని గుణాలన్నీ ఐదుగురిలోనూ సమానమే. సొగసు, తేజస్సు, హంస వర్ణించిన ప్రతి లక్షణమూ దేవతలు అరువు తెచ్చుకోగలిగారు. అరువుకు దొరకనిది చెమట ఒక్కటే. విన్న గుణాలు ఎందరికైనా సరిపోతాయి, ఎవరి మీదనైనా తొడగవచ్చు. ఒక మనిషిని ఆ మనిషే అని తేల్చేది వర్ణనకు ఎక్కని చిన్న లోపం. వేంపల్లెలో దిగిన వ్యక్తి జుట్టులోని దుమ్ము, ఆ పొడి దగ్గు ఈ జాతివే. ఫోనులో ఉన్నంతకాలం ఆ వ్యక్తి రెప్ప వేయని నలుగురిలో ఒకడు.

మోసం సంగతి వేరు. కావాలని వేరొకరి ముఖం తగిలించుకొని వచ్చేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు, రావణుడు సన్యాసి వేషంలోనే వచ్చాడు. ఆ దెబ్బ తిన్న సీత అశోకవనంలో హనుమంతుడు రామనామం పలికినా వెంటనే నమ్మలేదు. ఇతడూ మారువేషంలోని రావణుడేమో అని శంకించి, రాముని అంగలక్షణాలు వర్ణించమని అడిగింది. గుర్తులన్నీ విని, ఉంగరం చూశాకనే ఊరట చెందింది. పరీక్షించడం ప్రేమకు అవమానమని వాల్మీకి ఎక్కడా అనలేదు. తొలిసారి కలిసేటప్పుడు నలుగురు తిరిగే చోటు ఎంచుకునేవారు, ఇంట్లోవారికో స్నేహితులకో చెప్పి బయలుదేరేవారు సీత దారిలోనే ఉన్నారు.

ఈ విషయం మీద దార్శనికంగా అందరికంటే లోతుగా చూసినవాడు కాశ్మీరదేశపు ఉత్పలదేవుడు. 10వ శతాబ్దంలో అతడు రచించిన ఈశ్వరప్రత్యభిజ్ఞాకారికలు ముగింపులో చెప్పే ఉపమానం సరిగ్గా దూరప్రేమ కథే. ప్రత్యభిజ్ఞ అంటే గుర్తుపట్టడం; ఎరిగిన దానినీ ఎదుట ఉన్న దానినీ "అదే ఇది" అని కలపడం. ఎన్నో వేడుకోళ్ళ తరువాత ప్రియుడు వచ్చి పక్కనే నిలబడినా, అందరిలాంటి మనిషే అనుకున్నంతసేపూ నాయికకు ఆనందం కలగదు. ఇతడే ఆ గుణాలవాడని తెలిసిన క్షణాన లోకం మారిపోతుంది. జీవునికి శివుడూ అంతే, ఎప్పుడూ ఎదుటనే ఉన్నాడు, గుర్తుపట్టడమే తరువాయి అని ఆయన సిద్ధాంతం.

ఉపమేయమైన శివుని విషయంలో ఇది నిక్కచ్చిగా నిలుస్తుంది, ఉపమానమైన మానవప్రేమలో మాత్రం సగమే నిలుస్తుంది. ఉత్పలదేవుని నాయిక చేయవలసింది సామాన్యునిలో గొప్పతనాన్ని గుర్తుపట్టడం. ఇడుపులపాయ నాయికకైనా నాయకునికైనా పని దానికి తలకిందులు. గొప్పవాడనుకున్న మనిషిలో సామాన్యుణ్ణి గుర్తుపట్టాలి. మొదటి దానికి వినడం చాలు, రెండవ దానికి కలిసి తిరగడం, కలిసి తినడం, విసుక్కోవడం, అంటే రోజులు కావాలి. ఒక సాయంత్రంలో తీర్పు చెప్పేవారు తమ ఊహకే తీర్పు చెప్పుకుంటున్నారు.

కడప మట్టిలోని భక్తి సంప్రదాయాలు కూడా దూరాన ఉన్న ప్రియునితో కలయికను ఇష్టపడినవే. ఢిల్లీ సుల్తాను కూతురు స్వామి విగ్రహాన్ని ప్రేమించి దాని వెంటే నడిచి వచ్చిందన్న బీబీ నాంచారి కథ దక్షిణదేశంలో పలు రూపాల్లో ఉంది. ఆమెను తమ ఆడపడుచుగా తలచి ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లింలు వెళ్ళి మొక్కుకోవడం నేటికీ నడుస్తున్న ఆచారం. అదే ఊరి పెద్ద దర్గాలో ఏటా జరిగే ఉర్సుకు అరబ్బీలో పెళ్ళి అని అర్థం. సూఫీ గురువు కన్నుమూసిన రోజును ప్రియునితో తొలి కలయికగా లెక్కించి జరిపే వేడుక అది. ఈ రెండింటిలోనూ ఎదురుచూపు వృథా పోదు, వచ్చినవాడు తక్కువ కాడు. మనుషుల దగ్గర ఆ హామీ లేదు. దేవుణ్ణి ప్రేమించినట్లు మనిషిని ప్రేమించబోవడంలోనే సగం నిరాశలకు వేరు ఉంది.

కలిశాక మనసు కుదరకపోతే విడిపోవడం తప్పు కాదు. పెళ్ళిచూపుల్లో కూడా వద్దనే హక్కు ఉంది కదా. తప్పు ఎక్కడంటే, తన ఊహ గీసిన బొమ్మలా లేనందుకు ఎదుటి మనిషిని దోషిగా నిలబెట్టడంలో. ఆ బొమ్మ గీసింది ఆ మనిషి కాదు.

ఇడుపులపాయకు చేరువలో, పాపాఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండిలో ఒక ఆంజనేయ క్షేత్రం ఉంది. ప్రియురాలికీ ప్రియునికీ మధ్య మాట మోసిన ఆ దూత రూపాన్ని రాముడే బాణపు మొనతో రాతి మీద గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటి మిగిలి ఉండగా వెళ్ళిపోయాడనీ, తరువాత దాన్ని పూర్తి చేయబోతే రక్తం చిందిందనీ స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో జనం కిక్కిరిసి వచ్చి ఆ మూర్తికి మొక్కుతారు. చిటికెన వేలిని ఎవరూ పూర్తి చేయలేదు.